ఎర్రగా కాల్చి ముంచేస్తే సరిపోదు: లోహాల మీద మీ ప్రశ్నలు

కొలిమి, క్రషర్, రొయ్యల చెరువు, పంపుసెట్టు... ఈ నెల ఉత్తరాలు వచ్చిన చోట్లు వేరైనా అన్నీ ఒకే విషయం చుట్టూ తిరిగాయి. వేడి చేస్తే లోహం లోపలి అమరిక ఎలా మారుతుంది, చల్లారేటప్పుడు అది వెనక్కి తిరగడానికి సమయం చిక్కిందా లేదా అన్నదే ఆ విషయం. కింద ఇచ్చిన డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.

ప్రశ్న: పాత లారీ కమాన్ పట్టీలు కొని రాతి పనికి ఉలులు, గడ్డపార మొనలు చేస్తుంటాం. ఎర్రగా కాల్చి నీళ్ళలో పెట్టగానే కొన్ని అక్కడికక్కడే టిక్కుమని చీలుతున్నాయి. చీలకుండా బయటికొచ్చినవి కూడా రాతి మీద నాలుగు దెబ్బలకే మొన రాలుస్తున్నాయి. లోపం ఇనుములో ఉందా, మా పనిలో ఉందా? – ఒక కమ్మరి, కనిగిరి

జవాబు: ఇనుము మంచిదే. నీళ్ళే దానికి పడవు. కమాన్ పట్టీ ఉక్కులో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. దానికి తోడు సిలికాన్ గానీ, క్రోమియం, మాంగనీసు గానీ కలుపుతారు. అవి ఉన్నందువల్ల ఆ ఉక్కు నూనెలో ముంచినా చక్కగా గట్టిపడుతుంది.

లోపల జరిగేది ఇది. మామూలు వేడిలో ఇనుము పరమాణువుల మధ్య కార్బన్‌కు చోటు లేనట్టే, 0.02 శాతానికి మించి ఇమడదు. మిగిలిన కార్బన్ ఇనుముతో కలిసి సిమెంటైట్ అనే గట్టి పలుకుగా విడిగా ఉంటుంది. 727 డిగ్రీలు దాటాక ఇనుము తన అమరిక మార్చుకోవడం మొదలుపెడుతుంది. ఆ కొత్త రూపాన్ని ఆస్టెనైట్ అంటారు. ఇందులో కార్బన్ 2 శాతం దాకా కరిగిపోతుంది. మెల్లగా చల్లారనిస్తే కార్బన్ నింపాదిగా బయటపడి మళ్ళీ సిమెంటైట్ అవుతుంది, ఉక్కు ఆకురాయికి లొంగేంత మెత్తగా వస్తుంది. గబుక్కున చల్లారిస్తే కార్బన్ కదిలే లోపే వేడి పడిపోతుంది. ఈ ఉక్కులో 300 నుంచి 250 డిగ్రీల మధ్యకు వచ్చేసరికి ఇనుము కార్బన్‌ను కడుపులో బిగించుకునే రూపం మార్చేస్తుంది. అదే మార్టెన్‌సైట్. గాజు మీద గీత గీసేంత గట్టిది, అంతే పెళుసుది.

చీలికకు కారణం ఇక్కడే ఉంది. మార్టెన్‌సైట్‌కు ఆస్టెనైట్ కంటే ఎక్కువ చోటు కావాలి. కార్బన్ పాళ్ళను బట్టి ఘనపరిమాణం 4 శాతం దాకా ఉబ్బుతుంది. నీళ్ళలో పైపొర ముందే గట్టిపడి కూర్చుంటుంది. లోపలి భాగం ఆ తర్వాత ఉబ్బుతుంది. సాగే గుణం లేని పైపొర ఆ ఒత్తిడికి చీలుతుంది. మీరు విన్న టిక్కు శబ్దం అదే.

ఇక పని. సుత్తి పని అయ్యాక ముక్కను వెంటనే ముంచకండి. ఒకసారి 870 డిగ్రీల దాకా కాల్చి, గాలిలో నల్లబడేదాకా వదిలేయండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే సాగగొట్టేటప్పుడు పెరిగిన లోహపు రేణువులు (గ్రెయిన్లు) మళ్ళీ చిన్నవవుతాయి. తర్వాత మొన వైపు 5, 6 సెంటీమీటర్లు మాత్రమే కాల్చండి. రంగు చూసే పని ఎండలో వద్దు. రోహిణి కార్తె ఎండలో 900 డిగ్రీల ఇనుము కూడా చల్లగా ఉన్నట్టే కనబడుతుంది, నీడలోకి తెచ్చి చూడాలి. ఇంకా నమ్మకమైన గుర్తు కావాలంటే తీగకు అయస్కాంతం కట్టి పక్కన పెట్టుకోండి. 770 డిగ్రీల లోపే ఉక్కు అయస్కాంతానికి అంటడం మానేస్తుంది. మానేశాక ఇంకొంచెం కాల్చి, ఎరుపులో నారింజ ఛాయ మొదలవగానే తీయండి. అంతకు మించి తిత్తి ఊదవద్దు.

నూనె 50, 60 డిగ్రీల గోరువెచ్చగా ఉండాలి. చల్లటి నూనె చిక్కగా ఉండి ముక్క చుట్టూ కదలదు, అందువల్ల వేడిని త్వరగా లాగలేదు. ముంచే ఉక్కు కిలోకు 8 లీటర్లు లెక్క పెట్టుకోండి. ఇనుప డబ్బా, దానికి మూత తప్పనిసరి. నూనెలో నీటి చుక్క ఉంటే పొంగి మంటలు లేస్తాయి. ఇంజిన్ నుంచి తీసిన పాత ఆయిల్ పని చేయకపోదు గానీ ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. మొనను 3 సెంటీమీటర్ల లోతున ముంచి కొద్దిగా పైకీ కిందికీ ఆడించండి. ఒకే గీత దగ్గర ఆపితే తర్వాత సరిగ్గా ఆ గీత దగ్గరే విరుగుతుంది.

మొన రాలడానికి కారణం వేరు. ముంచి తీసిన దాన్ని తిరిగి కాస్త కాచడం, అంటే టెంపరింగ్, మీరు చేస్తున్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. మొన చేతికి వెచ్చగా ఉండగానే ఈ పని చేయాలి, రేపటికి వాయిదా వేస్తే రాత్రికి రాత్రే చీలవచ్చు. పొలుసు రుద్ది మెరిపించి, వెనక భాగంలో మిగిలిన వేడి ముందుకు పాకడం చూడండి. చాలకపోతే వెనక నుంచి కొద్దిగా సెగ చూపండి. మెరుపు మీద ముందు లేత గడ్డి రంగు వస్తుంది, అది సుమారు 230 డిగ్రీలు. తర్వాత గోధుమ రంగు, ఆపైన 280 దగ్గర వంకాయ రంగు, 300 దగ్గర నీలం. రాతి ఉలికి వంకాయ రంగు దాటి నీలం తొంగిచూసేటప్పుడు ఆపేయాలి. కత్తికైతే గడ్డి రంగు చాలు. ఈ వేడికి బిగుసుకున్న కార్బన్ కొంత సన్నటి పలుకులుగా బయటపడి ఉక్కు ఊపిరి పీల్చుకుంటుంది. ఉలి తల వైపు మాత్రం ఎప్పుడూ గట్టిపరచవద్దు. గట్టి తల మీద సుత్తి పడితే ఎగిరే ముక్క కంట్లో గుచ్చుకుంటుంది.

ఎక్కడ తప్పు జరిగిందో తెలియకపోతే విరిగిన ముఖం చూడండి. బూడిద రంగులో నున్నగా, పట్టు గుడ్డలా ఉంటే వేడి సరిపోయింది. పంచదార పలుకుల్లా మిలమిల మెరిస్తే ఎక్కువ కాల్చారు. రేణువులు పెద్దవై వాటి అంచుల వెంట విరిగింది. ఒక తుండు వృథా చేసి ఈ పరీక్ష చేయడం, పది ఉలులు పారేయడం కంటే మేలు.

ప్రశ్న: ఇనుమును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది. రాగిని అలాగే చేస్తే మెత్తబడుతుంది. ఎందుకు? – ఐటీఐ విద్యార్థి, ఒంగోలు

జవాబు: రాగికి గది వేడి నుంచి 1085 డిగ్రీల దగ్గర కరిగేదాకా ఒకటే అమరిక. మారడానికి రెండో రూపం లేదు కాబట్టి మధ్యలో చిక్కుకుపోయేదీ ఏమీ లేదు. సుత్తి దెబ్బలకు బిగుసుకున్న రాగిని కాలిస్తే పాత రేణువుల స్థానంలో ఒత్తిడి లేని కొత్త రేణువులు పుడతాయి, అందుకే మెత్తబడుతుంది. నీళ్ళలో ముంచడం పొలుసు రాలడానికీ, త్వరగా చేతిలోకి తీసుకోవడానికీ మాత్రమే. గాలిలో ఆరనిచ్చినా అంతే మెత్తగా ఉంటుంది.

స్వచ్ఛమైన ఇనుము 912 డిగ్రీల దగ్గర ఒకసారి, 1394 దగ్గర మరోసారి రూపం మార్చి 1538 దగ్గర కరుగుతుంది. గట్టిపడటానికి ఈ మార్పు ఒక్కటే చాలదు, బిగించి ఉంచడానికి కార్బన్ కూడా కావాలి. 0.15 శాతం కార్బన్ ఉన్న మెత్త ఇనుప చువ్వను ఎన్నిసార్లు ముంచినా ఉలి కాకపోవడం అందుకే.

పరీక్షలో రాయడానికి ఇంకొక్క మాట. అల్యూమినియంకు కూడా రెండో అమరిక లేదు, అయినా దాని మిశ్రమాలు కొన్ని వేడిచర్యతో గట్టిపడతాయి. కలిపిన లోహాన్ని, ముక్క ద్రవం కాకుండానే, ఎక్కువ వేడిలో అల్యూమినియంలో కరిగించి, ముంచి బంధించి, తర్వాత సన్నటి పలుకులుగా మెల్లగా బయటికి రానివ్వడం అక్కడి పద్ధతి. 1906లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ కనుగొన్నది ఇదే. ముంచిన వెంటనే మెత్తగా ఉన్న ముక్క నాలుగు రోజులు ఊరకే ఉంచితే గట్టిపడింది.

ప్రశ్న: మా క్రషర్‌లో జా ప్లేటు (రాయిని నలిపే పళ్ళ పలక) పళ్ళు అరిగితే 6013 రాడ్డుతో నింపాం. ముందు గ్యాస్‌తో బాగా వేడి చేసి, వేడి తగ్గనివ్వకుండా ఒకే పట్టున పూర్తి చేశాం. వారం తిరక్కుండానే అతికింది పెచ్చులుగా ఊడింది, ప్లేటు అడ్డంగా పగిలింది. జాగ్రత్తగానే చేశాం కదా, ఏమైనట్టు? – వెల్డర్, చీమకుర్తి

జవాబు: మీరు తీసుకున్న జాగ్రత్తలు వేరే ఉక్కులకు సరైనవే. ఈ ఉక్కు దగ్గర అవే కొంప ముంచాయి.

జా ప్లేటు మాంగనీసు ఉక్కు. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1882లో కనుగొన్నది. మాంగనీసు 11 నుంచి 14 శాతం, కార్బన్ 1 నుంచి 1.4 శాతం దాకా ఉంటుంది. ఇంత మాంగనీసు ఉంటే ఆస్టెనైట్ గది వేడికి దిగినా రూపం మార్చుకోదు. కొత్త ప్లేటుకు అయస్కాంతం అంటదు, చూసుకోండి. ఫౌండ్రీలో దీన్ని 1050 డిగ్రీల దగ్గర నిలిపి నీళ్ళలో ముంచుతారు. మొదటి ప్రశ్నలోని ఉలికి పెళుసుతనం తెచ్చిన నీళ్ళే దీనికి సాగే గుణం ఇస్తాయి. కార్బన్ లోహంతో కలిసి కార్బైడు అనే గట్టి పలుకుగా విడిపోయే వ్యవధి ఇవ్వకపోవడమే ఇక్కడ ముంచడం ఉద్దేశం. అప్పుడు గట్టిదనం 200 బ్రినెల్ దగ్గరే ఉంటుంది, అంటే మెత్తనిదే. గ్రానైట్ దెబ్బలు పడేకొద్దీ పైపొర మాత్రం 500 దాకా ఎదుగుతుంది, కింద ఉన్నది సాగుతూనే ఉంటుంది. మెత్తటి రాయి నలిపే చోట ఇదే ప్లేటు త్వరగా అరిగిపోయేది ఆ దెబ్బ చాలకే.

ఈ ఉక్కు మళ్ళీ 300 డిగ్రీలు దాటి కొంతసేపు ఉంటే, బంధించిన కార్బన్ రేణువుల అంచుల వెంట కార్బైడుగా బయటపడుతుంది. ఆ అంచుల వెంటే పగులు పరిగెత్తుతుంది. గ్యాస్ వేడి, ఒకే పట్టు వెల్డింగు రెండూ కలిసి ప్లేటును గంటల తరబడి ఆ స్థితిలో ఉంచాయి. ఇక 6013 రాడ్డులోని మెత్త ఇనుము ప్లేటు లోహంతో కలిసి మాంగనీసును పలచన చేసింది. ఆస్టెనైట్‌ను నిలబెట్టడానికి చాలనంత మాంగనీసు మిగిలిన ఆ సన్నటి పొర పెళుసు మార్టెన్‌సైట్ అయింది. మీ పెచ్చులు లేచింది ఆ పొర దగ్గరే.

ఈసారి ఇలా చేయండి. ముందుగా దెబ్బలు తిని బిగిసిన పైచర్మాన్ని, కంటికి కనిపించే పగుళ్ళను గ్రైండర్‌తో పూర్తిగా తీసేయండి. ముందస్తు వేడి వద్దు. ప్లేటును నీళ్ళ తొట్టిలో పెట్టి, వెల్డింగు చేసే భాగం మాత్రం నీటి పైన ఉంచడం మంచి పద్ధతి. రాడ్డు మాంగనీసు–నికెల్ రకం కావాలి. పగులు అతకాల్సి వస్తే ఆ చోట 309 రకం స్టెయిన్‌లెస్ రాడ్డు వాడవచ్చు. కరెంటు ప్యాకెట్ మీద ఇచ్చినదాంట్లో తక్కువ అంచున పెట్టండి. 50 నుంచి 75 మిల్లీమీటర్ల పొడవు గీత వేసి, ఎర్రగా ఉండగానే గుండు సుత్తితో కొట్టి, వెంటనే ప్లేటు రెండో చివరకు పోండి. అతుకుకు 15 మిల్లీమీటర్ల అవతల 260 డిగ్రీలు దాటకూడదు. వేడి కొలిచే సుద్ద లేకపోతే ఒక లెక్క: గీత వేసిన నిమిషానికి దాని పక్కన వేసిన నీటి చుక్క చిందులు తొక్కుతూ మాయమైతే ఆగిపోండి, పని రేపటికైనా పరవాలేదు. ఒక పూటలో ముగించాలనే తొందర ఈ ఉక్కు దగ్గర చెల్లదు.

ఇప్పటికే అడ్డంగా పగిలిన ప్లేటు మీద రాడ్డు ఖర్చు పెట్టకండి. తుక్కు కింద అమ్మేయడమే నయం.

ప్రశ్న: రొయ్యల చెరువు ఏరేటర్‌కు 304 స్టెయిన్‌లెస్ షాఫ్టు అని కొన్నాం. అయస్కాంతం కొద్దిగా లాగుతోంది. అతికిన చోటు పక్కన తుప్పు గీత కూడా వచ్చింది. మోసపోయామా? – ఇందుకూరుపేట

జవాబు: అయస్కాంతాన్ని బట్టి అలా తేల్చలేం. 304 కూడా ఆస్టెనైట్ రకమే, నికెల్ దాన్ని నిలబెడుతుంది. కానీ చల్లగా లాగినా, వంచినా, దారాలు కోసినా కొంత భాగం మార్టెన్‌సైట్‌గా మారి అయస్కాంతానికి స్పందిస్తుంది. వంటింటి సింకు మూలల దగ్గర పెట్టి చూస్తే ఇది తెలుస్తుంది. అనుమానం తీరాలంటే చిన్న ముక్క కోసి, నారింజ రంగు వచ్చేదాకా 1050 డిగ్రీలకు కాల్చి నీళ్ళలో వేయండి. ఆకర్షణ పోతే ఆస్టెనైట్ రకమే. అలాగే ఉంటే 430 లాంటి, ఎప్పుడూ అయస్కాంతానికి అంటుకునే ఫెర్రైట్ రకం అంటగట్టారు.

అసలు మోసం అయస్కాంతం అంటని వైపు నుంచే ఎక్కువ. చౌక 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు, దానికీ అయస్కాంతం అంటదు. దాన్ని గుర్తించాలంటే పెద్ద స్టీలు దుకాణాల్లో, తుక్కు వ్యాపారుల దగ్గర ఉండే ఎక్స్‌రే గన్‌తో చూపించుకోవడమే తేలిక.

వెల్డింగు పక్కన తుప్పుది వేరే సంగతి. 450 నుంచి 850 డిగ్రీల మధ్య నిలిచిన పట్టీలో కార్బన్ క్రోమియంను పట్టుకుని రేణువుల అంచున కార్బైడు అవుతుంది. ఆ పక్కనే క్రోమియం 12 శాతం లోపుకు పడిపోయి తుప్పును ఆపలేదు. 304ఎల్, 316ఎల్ రకాల్లో కార్బన్ 0.03 శాతానికి మించదు, వాటిలో ఈ బాధ తక్కువ. 304ఎల్ షాఫ్టుకు 308ఎల్ రాడ్డు, 316ఎల్ షాఫ్టుకు 316ఎల్ రాడ్డు వాడి, తక్కువ కరెంటులో చేయించండి. వెల్డింగు చుట్టూ వచ్చిన రంగు చారలు పూర్తిగా పోగొట్టాలి, అవి ఉన్న చోటే తుప్పు మొదలవుతుంది. ఉప్పునీటి చెరువులో మాత్రం వెల్డింగు ఎంత బాగున్నా 304కు గుంటలు పడతాయి. 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉన్న 316 ధర ఎక్కువైనా అదే సరుకు.

ప్రశ్న: ఇంటి పునాదికి 16 ఎంఎం టీఎంటీ కమ్మీని గ్యాస్‌తో ఎర్రగా కాల్చి వంచుతున్నారు. వేడి చేస్తే సుఖంగా వంగుతుంది, ఏమీ కాదంటున్నారు. నిజమేనా? – కావలి

జవాబు: వెంటనే ఆపించండి. టీఎంటీ కమ్మీ బలం దాని పైపొరలో ఉంది. రోలింగ్ నుంచి వస్తూనే నీటి పెట్టెలో దూరడంతో చుట్టూ ఒక పొర మార్టెన్‌సైట్ అవుతుంది, బయటికొచ్చాక లోపలి వేడే ఆ పొరను సుమారు 600 డిగ్రీలకు కాచి పెళుసుతనం తీస్తుంది. నడుమ భాగం మెత్తగా, సాగేలా ఉండిపోతుంది. కమ్మీని ఎర్రగా కాలిస్తే పైపొర మళ్ళీ ఆస్టెనైట్ అయి, గాలిలో చల్లారి, నడుమ భాగంలాగే మెత్తబడుతుంది. 500 బలం గ్రేడు అని చెప్పి కొన్న కమ్మీ ఆ వంపు దగ్గర 500 కాదు. పైన నీళ్ళు పోశారంటే ఇంకా ప్రమాదం.

చల్లగానే వంచాలి. కమ్మీల భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్‌ఈ 500 రకం 16 ఎంఎం కమ్మీని 64 ఎంఎం గుండు చుట్టూ వంచి పరీక్షిస్తారు, 500డి అయితే 48 ఎంఎం. అంతకు చిన్న గుండు మీద బలవంతంగా వంచడం, ఒకసారి వంచింది తిన్నగా చేసి మళ్ళీ వాడటం వద్దు. ఇప్పటికే కాల్చి వంచినవాటిని ఏం చేయాలో ఇంజినీరును అడగండి, సాధారణంగా పక్కన ఇంకో కమ్మీ కలపమంటారు. పొర ఉందో లేదో చూడాలంటే కోసిన ముఖాన్ని 120 నుంచి 600 నంబరు దాకా ఎమరీ కాగితంతో నున్నగా రుద్ది, స్పిరిట్‌లో 5 శాతం నైట్రిక్ ఆసిడ్ కలిపిన ద్రావణం పూయాలి. చుట్టూ ముదురు రంగు ఉంగరం తేలుతుంది. ఆసిడ్ పని ఇంట్లో వద్దు, కాలేజీ ల్యాబులో చేయించుకోండి.

ప్రశ్న: పంపుసెట్టు బీడు (పోత ఇనుము) కేసింగు పగిలితే వెల్డింగు చేయించాం. అతుకు బాగానే ఉంది, దాని పక్కనే కొత్త పగులు వచ్చింది. – గూడూరు

జవాబు: బీడులో కార్బన్ 3 శాతానికి పైనే. మెల్లగా చల్లారితే అది గ్రాఫైట్‌గా ఉంటుంది. వెల్డింగు పక్కన గబుక్కున చల్లారేసరికి గ్రాఫైట్ కట్టే వ్యవధి లేక సిమెంటైట్, మార్టెన్‌సైట్ అయిపోయింది. ఆ చోట ఆకురాయి పెట్టి చూడండి, జారిపోతుంది.

పగులు రెండు కొసలా 4 ఎంఎం బెజ్జం వేసి, వీ ఆకారంలో గాడి తీసి, నూనె మరక లేకుండా కాల్చి తుడవాలి. నికెల్ రాడ్డుతో 25 ఎంఎం గీతలు వేస్తూ, ప్రతి గీతనూ చిన్న సుత్తితో తట్టి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే తర్వాతది వేయాలి. లేదంటే పూర్తిగా రెండో దారి: కేసింగు మొత్తాన్ని 600 డిగ్రీలకు కాచి, అతికి, ఊక బూడిదలో పూడ్చి మర్నాటిదాకా కదపకుండా ఉంచడం. రైసు మిల్లుల పుణ్యమా అని నెల్లూరు జిల్లాలో ఆ బూడిదకు కొదవ లేదు. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు వేడి పోకుండా పైన చల్లేది కూడా ఇదే. ఈ రెండు పద్ధతులనూ సగం సగం కలపడంలోనే ఎక్కువ కేసింగులు పోతాయి.

ప్రశ్న: 60/40 సోల్డర్, 63/37 సోల్డర్ మధ్య మూడు శాతానికి అంత తేడా ఏముంది? – సెల్‌ఫోన్ రిపేరు షాపు, నెల్లూరు

జవాబు: తగరం 63, సీసం 37 ఉన్నది 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గడ్డకడుతుంది. 60/40 మాత్రం 190 నుంచి 183 దాకా ముద్దగా ఉంటుంది. ఆ ఏడు డిగ్రీల వ్యవధిలో వైరు కదిలితే అతుకు మసకగా, గరుగ్గా వచ్చి తర్వాత తెగుతుంది. చిన్న కాళ్ళ చిప్పులకు 63/37 తీసుకోండి, మందపాటి వైర్లకు ఏదైనా ఒకటే. సీసం లేని సోల్డర్లలో ఎక్కువగా వాడే తగరం–వెండి–రాగి రకం 217 డిగ్రీల పైన గానీ కరగదు, పాత బోర్డు మీద రెండూ కలపవద్దు.